కొంచెం తల తిరుగుతోంది

ఉదయం ఏడున్నరకే హెడ్డుగారు మంచం మీద కూర్చుని, చెప్పబోయే అబద్ధాన్ని మూడుసార్లు మనసులో వల్లె వేసుకున్నారు. పదింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. వచ్చి మెట్లు దింపుతుంది. ఆ మెట్లు దిగకుండా ఇవాళ్టికి గండం గడిస్తే చాలు. అంతకు మించి ఆయనకు దురుద్దేశమేదీ లేదు.

పక్షవాతం వచ్చి అయిదు నెలలైంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది. మాట ముద్దయింది. ఆసుపత్రి నుంచి తెచ్చిననాడు ఇద్దరు మనుషులు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మొదటి అంతస్తుకు మోసుకొచ్చారు. ఆ తర్వాత ఆయన పాదం వీధిలో పడలేదు. ఫిజియో అమ్మాయి వారానికి నాలుగు రోజులు వచ్చి ఆ ఎడమ కాలితో కుస్తీ పట్టింది. మొదట మంచం అంచున కూర్చోబెట్టింది. తర్వాత నిలబెట్టింది. ఆ తర్వాత ఆయన నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, వెనకనుంచి దాన్ని పట్టుకుని హాలంతా తిప్పింది. "మడమ ముందు అంకుల్, వేళ్ళు తర్వాత. నేలకేసి చూడకండి, గోడకేసి చూడండి" అంటూ ఉండేది. అడుగున నాలుగు కాళ్ళున్న చేతికర్ర ఊతంతో ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేవారు. బెల్టు మీద ఆ అమ్మాయి చెయ్యి ఉన్నంతసేపే ఆ నడక. చెయ్యి వదిలిందేమో అన్న అనుమానం వస్తే చాలు, మోకాలు గజగజలాడి ఉన్నచోటే ఆగిపోయేవారు.

దానికి కారణం ఉంది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఎవరినీ పిలవకుండా స్నానాలగదికి వెళ్ళి పడ్డారు. భార్య పాలప్యాకెట్టు కోసం కిందికి వెళ్ళి ఉంది. ఇరవై నిమిషాలసేపు బకెట్టుకీ గోడకీ మధ్య, తడినేలకు చెంప ఆనించి, కుళాయి చుక్కలు వింటూ పడున్నారు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఎముకలేమీ విరగలేదు. డాక్టరు అదృష్టవంతులన్నాడు. అంత అదృష్టం పట్టాక హెడ్డుగారు నేలను నమ్మడం మానేశారు.

నిన్న వెళ్ళేటప్పుడు ఫిజియో అమ్మాయి చెప్పులు తొడుక్కుంటూ, రేపు ఎండ కాస్తుందన్నంత తేలిగ్గా చెప్పింది. "అంకుల్, రేపు బెల్టు తీసేద్దాం. మెట్లు దిగి గేటు దాకా వెళ్ళొద్దాం. కాలికి బలం వచ్చింది, భయమే పోలేదు. త్వరగా కోలుకునే నెలలివే. వీటిని మంచం మీద పోగొట్టుకోకండి."

మెట్లు పద్నాలుగు. హెడ్డుగారికి నిద్ర పట్టలేదు.

రిటైరయ్యేదాకా ముప్పై ఒక్క సంవత్సరాలు ఆయన ఓ పెద్ద కార్యాలయంలో హెడ్ క్లర్కు. సెలవు చీటీలన్నీ ఆయన బల్ల మీదుగానే వెళ్ళేవి. ఏ సాకు నిలబడుతుందో, ఏది మధ్యాహ్నానికల్లా బయటపడుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. జ్వరమంటే థర్మామీటరు పెడతారు. పంటినొప్పి అంటే నోరు తెరవమంటారు. కాలు బెణికిందంటే ఏ కాలో సాయంత్రానికి మనకే గుర్తుండదు. తల తిరగడం అలా కాదు. పైకి కనపడదు. కొలిచే పనిముట్టు లేదు. దానంతటదే తగ్గిపోయినా ఎందుకు తగ్గిందని ఎవరూ అడగరు. ఆ సాకు చెప్పి దొరికిపోయినవాడు ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్కడూ లేడు. అతి చేసినట్టు ఉండకూడదని దాని ముందు 'కొంచెం' అని కూడా చేర్చుకున్నారు.

ఆయన ఆలోచించనిది ఒక్కటే. ఆ చీటీలు పెట్టినవాళ్ళెవరికీ అంతకుముందు పక్షవాతం రాలేదు.

ధైర్యం చాలక తొమ్మిదింబావు దాకా నెట్టుకొచ్చారు. భార్య టీ కప్పుతో లోపలికొచ్చింది.

"ఏమండీ, ఆ నీలం చొక్కా వేసుకుంటారా? గేటు దాకా వెళ్ళాలిగా, నలుగురూ చూస్తారు."

"కొంచెం తల తిరుగుతోందే" అన్నారు హెడ్డుగారు, గోడకేసి చూస్తూ. "ఇవాళ్టికి రావద్దని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పు."

కప్పు సాసరులో టకటకా కొట్టుకుంది. తలతిప్పి చూస్తే ఆవిడ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయిదు నెలల కింద, ఇదే మంచం మీదనుంచి, ఆయన సరిగ్గా ఈ మాటే అన్నారు. అన్న రెండు నిమిషాలకు పడిపోయారు. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. ఆవిడ మరిచిపోయిన రోజు లేదు.

"ఎప్పట్నుంచి?" అంది కప్పు కింద పెట్టేసి.

"ఇప్పుడే... ఏం లేదే, ఆ అమ్మాయికి ఫోన్..."

ఆవిడ ఫోన్ అయితే చేసింది గానీ, ఆ అమ్మాయికి కాదు. రెండు గంటల ప్రయాణం దూరంలో ఇంకో ఊళ్ళో బడిపిల్లలకు లెక్కలు చెప్పే కూతురికి చేసింది. కూతురి గొంతు స్పీకర్లో ఖంగుమంది.

"నాన్నా, నవ్వు!"

"నవ్వడం ఎందుకే?"

"ప్రశ్నలు తర్వాత. పళ్ళు కనపడేట్టు నవ్వు. అమ్మా, నువ్వు చూసి చెప్పు."

అది నవ్వొచ్చే సమయమా? అయినా తండ్రి పళ్ళు బిగించి నవ్వారు. కుడివైపు నవ్వింది. ఎడమవైపు అయిదు నెలలుగా ఎలా ఉందో అలాగే ఉంది.

"ఒక పక్కే నవ్వుతున్నారే!" అని భార్య గొల్లుమంది.

"అది పాతదేనే!" అన్నారు హెడ్డుగారు. కంగారు పడితే ఆయన మాట మరీ ముద్దకట్టేస్తుంది. అది కాస్తా "అయి ఆతయేయే" అని బయటికొచ్చింది.

"మాట కూడా పడిపోతోందే తల్లీ!"

"అమ్మా, నువ్వు ఫోన్ పెట్టెయ్. అంబులెన్సు నేను పిలుస్తా. నాన్నని పడుకోబెట్టు. కదలనివ్వకు. గుక్కెడు నీళ్ళు కూడా పట్టకు. నేను బయల్దేరుతున్నా."

అంబులెన్సు అన్న మాట వినగానే హెడ్డుగారి గుండె గుభేలుమంది. ఇక దాచి లాభం లేదు, చెప్పేద్దామని నోరు తెరిచేలోపు, భార్య గొల్లుమనడం విని కింది వాటా ఆయన మెట్లెక్కి వచ్చేశాడు. కోర్టు నోటీసులు ఇళ్ళ గోడలకు అంటించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అందరూ నోటీసుల బాబాయి అంటారు. మనసు వెన్న, నోరు మాత్రం పాత ఉద్యోగంలోనే ఉంది.

"కంగారు పడకమ్మా" అని ఆవిడకు ధైర్యం చెప్పాడు. "మొదటిసారి వచ్చింది ఉత్త నోటీసే. రెండోసారి వచ్చిందే జప్తు. అయినా మనం చూస్తూ ఊరుకుంటామా?" అని, కదలనివ్వద్దన్నారు కాబట్టి హెడ్డుగారి రెండు కాళ్ళూ పట్టుకుని మంచం చివర కూర్చున్నాడు.

హెడ్డుగారు బలమంతా నాలుక మీదికి తెచ్చుకున్నారు. "అబద్ధం" అన్నారు. "అబద్ధమే!"

"ఏమంటున్నారు?" అంది భార్య చెవి ఒగ్గి.

"అద్దం అంటున్నాడమ్మా" అన్నాడు నోటీసుల బాబాయి. "అద్దం అడుగుతున్నాడు. ఇచ్చెయ్, అడిగింది కాదనకూడదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ గోడకున్న అద్దం తీసి ముఖం ముందు పెట్టింది. హెడ్డుగారు అయిదు నెలలుగా అద్దంలో చూసుకోలేదు. గడ్డం భార్యే గీస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని గీయించుకుంటారు. ఇప్పుడు తప్పించుకోవడానికి లేక చూశారు. మూతి ఒక పక్కకు జారి ఉంది. ఎడమ కంటి కింద చర్మం వేలాడుతోంది. ఇది నిన్నటి ముఖమా, ఇవాళ కొత్తగా వచ్చిందా? చెప్పడానికి ఆయన దగ్గర ఆధారమేదీ లేదు. ఎడమ చేతి వేళ్ళు చల్లగా తగిలాయి. రోజూ ఇంత చల్లగానే ఉంటాయా? గుండె దడదడా కొట్టుకోవడం చెవుల్లో వినపడుతోంది. మళ్ళీ వచ్చిందా? నోటితో పిలిస్తే నిజంగానే వచ్చేసిందా? పైన ఫ్యాను ఒక పక్కకు ఒరిగింది, గోడలు కదిలాయి. ఆయనకు అప్పుడు నిజంగానే తల తిరిగింది.

అంబులెన్సు కూత వీధి మలుపులో వినపడేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన పొడుగు, ఇంకొకాయన పొట్టి. పొడుగాయన చకచకా పని మొదలెట్టాడు.

"పెద్దాయనా, రెండు చేతులూ పైకెత్తండి."

ఒకటి లేచింది. ఒకటి సగం దాకా వచ్చి వాలిపోయింది.

"ఇవాళ ఏ వారం?"

అయిదు నెలలుగా మంచానికీ వంటింటి గుమ్మానికీ మధ్య బతుకుతున్న మనిషికి వారాలతో పనేముంటుంది? "మంగళవారం" అన్నారు హెడ్డుగారు ఆశగా.

"అయ్యో, గురువారమండీ! వారం కూడా మరిచిపోయారు" అని భార్య తల పట్టుకుంది.

"గురువారమా?" అన్నాడు నోటీసుల బాబాయి. తర్వాత దగ్గి ఊరుకున్నాడు.

రక్తపోటు చూశారు. అంత భయంలో అది కూడా ఆకాశంలోనే ఉంది. "ఎన్నింటికి మొదలైందమ్మా?" అని అడిగి, తొమ్మిదింబావని కాగితం మీద రాసుకుని, ఆయన్ని ఎత్తి మెట్లు దింపే కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. "అబద్ధం, అబద్ధం" అంటూ ఆయన గింజుకున్నారు. ఆ గింజుకోవడంలో ఛాతీ పట్టీ క్లిప్పు పుటుక్కున విరిగి మంచం కిందికి దొర్లింది.

"అలాగే పట్టుకుని దింపేద్దాం పద" అన్నాడు పొట్టాయన.

కుర్చీ వెనక్కి వంగింది. మెట్లు మొదలయ్యాయి. హెడ్డుగారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. తప్పించుకుందామనుకున్న మెట్లే ఇవి. సొంత కాళ్ళ మీద దిగడం కన్నా ఇద్దరు కొత్త మనుషుల చేతుల్లో, కాళ్ళు గాల్లో వేలాడేసి దిగడం నూరు రెట్లు ఘోరంగా ఉంది. వెనక భార్య ఒక చేత్తో రిపోర్టుల ఫైళ్ళు, ఇంకో చేత్తో మందుల సంచీ, భుజాన దుప్పటీ వేసుకుని దిగుతోంది.

ఏడు మెట్లు దిగాక చిన్న చదును వచ్చింది. అక్కడ ఎదురుగా, పదింటికి పది నిమిషాలు ముందుగానే, ఫిజియో అమ్మాయి మెట్లెక్కుతూ కనపడింది. సంచీలోంచి బెల్టు చివర బయటికి వేలాడుతోంది.

"ఏమైంది?" అని దారికి అడ్డంగా నిలబడింది. పొడుగాయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆ అమ్మాయి హెడ్డుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అంకుల్, నా వేళ్ళు నొక్కండి. చెయ్యి ఎత్తండి. మడమ లేపండి." నొక్కారు, ఎత్తారు, లేపారు. "ఇవన్నీ నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయండీ. మూతి కూడా అంతే. రోజూ చూస్తున్నాగా."

"వారం తప్పు చెప్పారమ్మా" అన్నాడు పొట్టాయన.

"వారం ఎప్పుడూ తప్పే చెబుతారు." అని ఆయన కళ్ళలోకి చూసింది. "అంకుల్, తల ఎలా తిరిగింది?"

హెడ్డుగారి చూపు ఆ అమ్మాయి సంచీలోంచి వేలాడే బెల్టు మీదికి పోయి, అక్కణ్ణించి మిగిలిన ఏడు మెట్ల మీదికి పోయి, తిరిగొచ్చి ఒళ్ళో వాలింది. ఆ అమ్మాయికి అర్థమైపోయింది. ఏదో అనబోయింది.

అప్పుడు పైన దబదబమని ఫైళ్ళు మెట్ల మీద పడ్డాయి. ఎక్స్‌రేలు జారుకుంటూ వచ్చి కుర్చీ చక్రాలకు తగిలాయి. హెడ్డుగారి భార్య చదునుకు రెండు మెట్ల పైన కూలబడి, గోడకు తల ఆనించింది.

"ఏం లేదు, ఏం లేదు. కళ్ళు బైర్లు కమ్మాయి అంతే" అంది ఆవిడ. "నా సంగతి తర్వాత. ముందు ఆయన్ని తీసుకెళ్ళండి."

పొడుగాయన రెండంగల్లో వెళ్ళి ఆవిడ చేతికి పట్టీ చుట్టాడు. అంకె చూశాడు. నమ్మకం కలగక రెండో చేతికి చుట్టాడు. అప్పుడు అతని ముఖం మారింది.

"అమ్మా, మీరు బీపీ మందులేమైనా వాడుతున్నారా?"

"వాడేదాన్ని. అయిపోయాయి. ఈయన మందుల హడావిడిలో మళ్ళీ తెచ్చుకోవడం పడలేదు."

"ఎన్నాళ్ళైంది?"

"రెండు నెలలుంటుందేమో" అంది తప్పు చేసిన పిల్లలా.

"తలనొప్పి ఉందా ఆంటీ? తల తిరుగుతోందా?" అని ఫిజియో అమ్మాయి అడిగింది.

ఆవిడ భర్తకేసి ఒకసారి చూసి, జవాబు చెప్పకుండా కళ్ళు మూసుకుంది. తల మెల్లగా భుజం మీదికి వాలిపోయింది.

"కుర్చీ కావాలి" అన్నాడు పొడుగాయన. కుర్చీ ఒక్కటే ఉంది.

"లేస్తాను" అన్నారు హెడ్డుగారు. ఆ రోజు ఆయన నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది. ఎవరో లేపేదాకా ఆగకుండా, కుడిచేత్తో మెట్ల పక్కనున్న కటకటాలు పట్టుకుని, ముందుకు వంగి, లేచి నిలబడ్డారు. అంబులెన్సువాళ్ళిద్దరూ ఆయన భార్యను దించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఛాతీ పట్టీకి క్లిప్పు లేదు. మనిషి ముందుకు తూలుతోంది. ఫిజియో అమ్మాయి సంచీలోంచి బెల్టు లాగి ఆవిడను కుర్చీకి కట్టేసింది. ఇద్దరు మనుషులూ కుర్చీ ఎత్తుకుని దిగిపోయారు. వాళ్ళతో బెల్టూ దిగిపోయింది.

హెడ్డుగారు పై నుంచి చూస్తూ నిలబడ్డారు. జీవితంలో ఆయన అన్నిటికీ భయపడ్డారు. పై అధికారికి, కింద పడడానికి, స్నానాలగదికి. ఆవిడ తల అలా వేలాడిపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఈ భయం ముందు మిగతావన్నీ పిల్ల భయాలు.

ఫిజియో అమ్మాయి ఆయనకన్నా ఒక మెట్టు కింద, ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపింది. ముట్టుకోలేదు. "చెడ్డ కాలు ముందు అంకుల్. కటకటాలు వదలకండి."

ఎడమ కాలు దించారు. మోకాలు వణికింది, నిలిచింది. కుడికాలు దాని పక్కకు తెచ్చారు. ఒకటి. మళ్ళీ ఎడమ. రెండు. మూడో మెట్టు మీద ఎడమ పాదం వేళ్ళు అంచుకు తట్టుకున్నాయి. ఒళ్ళంతా ముందుకు తూలింది. కటకటాలు గట్టిగా అదిమిపట్టి, కళ్ళు తిరుగుతుండగా, ఊపిరి బిగబట్టి అలాగే నిలబడిపోయారు. దిగువనుంచి నీరసంగా ఒక గొంతు వినపడింది.

"మెల్లిగా అండీ... తొందరేం లేదు..."

ఆ గొంతు విన్నాక హెడ్డుగారు మిగిలిన నాలుగు మెట్లూ ఎలా దిగారో ఆయనకే తెలియదు. నోటీసుల బాబాయి వెనక నుంచి చేతికర్ర అందించాడు. గేటు దాటి, అంబులెన్సు దాకా నడిచి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాక గానీ ఒళ్ళు వణకడం మొదలుకాలేదు. మొదలయ్యాక ఆసుపత్రి వచ్చేదాకా ఆగలేదు.

ఆసుపత్రిలో ఆవిడ చేతికి సూది గుచ్చి మందెక్కించారు. హెడ్డుగారిని కూడా పరీక్ష చేసి, కొత్తగా ఏమీ లేదన్నారు. మూడు గంటలు ఆయన మంచం పక్కన ఇనుప కుర్చీలో కూర్చుని, గోడమీది యంత్రంలో ఆవిడ రక్తపోటు అంకెలు దిగడం చూశారు. రెండువందల ఇరవై. నూటతొంభై. కాసేపు పెరిగింది. ఆయన కుర్చీ అంచు పట్టుకున్నారు. మళ్ళీ తగ్గింది. నూటడెబ్భై. మధ్యలో రెండుసార్లు నర్సును పిలవడానికి వరండా చివరిదాకా నడిచి వెళ్ళొచ్చారు. నడిచినట్టు ఆయన గమనించలేదు. అంబులెన్సులోనే వెంట వచ్చిన ఫిజియో అమ్మాయి మాత్రం గమనించింది.

డాక్టరు వచ్చి చూసి, "సమయానికి తీసుకొచ్చారు. ఇంకో రెండు రోజులు ఇలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఎవరు పిలిచారు అంబులెన్సుని?" అని అడిగాడు.

"మా నాన్నకి తల తిరుగుతోందని నేనే పిలిచాను" అంది అప్పుడే పరుగున వచ్చిన కూతురు. అని, తండ్రి రెండు కాళ్ళ మీద నిలబడి ఉండడం చూసి నోరు తెరిచింది.

కూతుర్ని మందులకు పంపాక హెడ్డుగారు భార్య చెయ్యి పట్టుకున్నారు. "నాకు తల తిరగలేదే. మెట్లు దిగడానికి భయమేసి అబద్ధం చెప్పాను."

"నాకు పది రోజుల్నుంచి తిరుగుతోంది" అంది ఆవిడ. "చెబితే మీరు భయపడతారని చెప్పలేదు."

హెడ్డుగారికి కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. రెండూ కలిసి ఆయన వంకర మూతి మీద ఏదో వింత నవ్వులా తయారయ్యాయి. "ఇక ముందు దాచకు" అన్నారు.

"మీరు లేనివి చెప్పకండి" అంది ఆవిడ.

ఫిజియో అమ్మాయి బెల్టు చుట్టి సంచీలో పెట్టుకుంటూ, "వెళ్ళొస్తా ఆంటీ. దిగడం అయిపోయింది అంకుల్. రేపు ఎక్కుదాం. ఇంటికెళ్ళాలిగా" అంది. హెడ్డుగారి ముఖం మళ్ళీ పాలిపోయింది.

సాయంత్రం వార్డు గార్డు పాసుల పుస్తకం పట్టుకుని వచ్చాడు. రోగి దగ్గర ఒక్కరే ఉండాలి, మిగతావాళ్ళు వెళ్ళిపోవాలి.

"ఈ బెడ్డుకి తోడెవరు?"

"నేనే" అన్నారు హెడ్డుగారు లేచి నిలబడుతూ.

గార్డు నాలుగు కాళ్ళ కర్ర చూశాడు. వేలాడే చెయ్యి చూశాడు. వంకర మూతి చూశాడు. "మరి మీకు తోడెవరు సార్?"

హెడ్డుగారు కుడిచేత్తో మంచం మీద ఉన్న ఆవిడను చూపించారు.

గార్డు పాసు ఒకటే చించి, రోగి అన్నచోట ఇద్దరి పేర్లూ, తోడు అన్నచోట ఇద్దరి పేర్లూ రాసిచ్చాడు.